కుడితి వాసన వేసిన గుంజ

మా పెరటి కంచెలో మూడో గుంజ ఒక్కటే ఎందుకు పుచ్చింది? నవ్వకండి. ఎనభైల మొదట్లో, డాలస్‌కి ఉత్తరాన, కొత్తగా కొనుక్కున్న పాత ఇంట్లో తొలిచూలుతో పగలంతా కూర్చున్న మనిషికి ఇంతకంటే పెద్ద ప్రశ్నలు తట్టవు. అన్నీ ఒకే చెక్క, ఒకేసారి పాతినవి, ఒకే ఎండా వానా. మిగతావి నిక్షేపంగా ఉంటే ఇదొక్కటే జూన్‌లో వచ్చిన గాలివానకి పక్కింటివైపు ఒరిగిపోయింది.

ఆ గుంజ మీదే మా అత్తగారి ఆనప పాదు ఉంది. నా అసలు బెంగ అదీ.

ఆవిడ మార్చిలో వచ్చారు. నా పురుడు సెప్టెంబరులో. మా అమ్మకి రావడం కుదరలేదు కనుక పెద్దదిక్కు ఆవిడొక్కరే. వచ్చిన రెండో వారానికే కొడుకుతో, "పలకరించే మనిషి లేడురా ఇక్కడ. నాకు పొద్దు పోవట్లేదు. టికెట్ ముందుకి మార్పించు," అన్నారు. నా గుండెల్లో రాయి పడింది. తర్వాత ఓ రోజు పెట్టె అడుగునుంచి ఆనప గింజలు తీసి కంచె మొదట్లో పాతారు. మొలకలొచ్చాక టికెట్ మాట ఎత్తలేదు. తీగ కంచెకెక్కింది, పిందెలు దిగాయి, పొద్దున్నే వెళ్లి వాటిని పేరుపేరునా పలకరించి వచ్చేవారు. పాదు ఉన్నన్నాళ్లే ఆవిడ ఉంటారని నేను గట్టిగా నమ్మాను.

కాబట్టి మా ఆయన ఒరిగిన గుంజ చూసి, "మార్చాల్సిందే. తీగ పీకేద్దాం," అని తేల్చేస్తే నేను అడ్డుపడ్డాను. ముందు కారణం తెలియాలన్నాను.

పక్కింటి పెద్దాయన ఆ వసంతంలో కంచె వెంబడి నడుస్తూ ప్రతి గుంజనీ స్క్రూడ్రైవర్‌తో పొడవడం వంటింటి కిటికీలోంచి చూశాను. అప్పుడు పిచ్చేమో అనుకున్నాను. ఇప్పుడు నేనూ ఓ స్క్రూడ్రైవర్ పట్టుకుని బయల్దేరాను. మొదటి గుంజలోకి మొన దిగలేదు. రెండోదాన్లోకీ దిగలేదు. మూడోదాన్లోకి మాత్రం, నేల దగ్గర, ఉడికిన చేమదుంపలోకి దిగినట్టు దిగింది. చెదలేమోనని చూశాను, లేవు. పక్కింటి స్ప్రింక్లర్ నీళ్లేమో అనుకున్నాను, అవి అక్కడిదాకా రావు. మొదలు చుట్టూ ఎత్తుగా పోసిన మట్టిని చేత్తో తోశాను. గుప్పున వాసన కొట్టింది.

నాకు బాగా తెలిసిన వాసనే. టెక్సస్‌లో, గొడ్డూ గోదా లేని పెరట్లో, కుడితి వాసన.

లోపలికి వచ్చేసరికి అత్తగారు బియ్యం కడుగుతున్నారు. కడుగునీళ్లు గిన్నెలోకి వంచుకుని నా ముందునుంచే పెరట్లోకి నడిచారు. పాదుకి బలమని పూటపూటా ఆవిడ పోస్తున్నది అదే. మట్టి ఎగదోసి గట్టు కట్టింది గుంజకి ఆనించే. పాపం, పక్కింటాయన తర్వాత చూసి, అది ఎప్పటినుంచో లోపల మెత్తబడుతోందనీ, ఈ తడి తొందరపెట్టిందనీ అన్నాడు.

ఎలాగో కూడదీసుకుని విషయం చెప్పేశాను. విన్నాక ఆవిడేమీ నొచ్చుకోలేదు. పైగా ఆశ్చర్యపోయారు.

"గుంజన్నాక పుచ్చదుటే? మా ఇంట్లో ఏటా పాత దడి పొయ్యిలోకి, కొత్త దడి గోదారి గాలికి. ఇంతకీ ఇదెన్నాళ్లుండాలంటాడూ ఆ పక్కింటాయన?"

కంచె అవతలున్న పెద్దాయన్ని అడిగాను. కాళ్లకి మట్టీ తడీ తగలనివ్వకుండా, ఎండాకాలం నూనె పూస్తూ ఉంటే ఇరవై ఏళ్లు అన్నాడు.

"ఇరవై ఏళ్లే! అయితే నీ కడుపులో ఉన్నవాళ్ల పెళ్లికీ ఇదే దడన్నమాట!" ఆవిడ పకపకా నవ్వారు. నవ్వుతూనే లోపలికెళ్లి కత్తిపీట తెచ్చి, పిందెలతో సహా పాదుని మొదలంటా కోసేశారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. లేతకాయ ఒకటి పక్కింటాయన చేతిలో పెట్టారు.

కొత్త గుంజ దిగింది. ఇక టికెట్ మాట వస్తుందని ప్రతి భోజనం దగ్గరా చెవులు రిక్కించాను. రాలేదు. చల్లబడగానే ఆవిడ నా స్క్రూడ్రైవర్ పట్టుకుని కంచె వెంట తిరుగుతూ, పలకల కింద మట్టి తవ్వి, ఎండుటాకులు ఏరి, ఒక్కో గుంజకి గోధుమరంగు నూనె పూస్తున్నారు. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను.

"అత్తయ్యా, వెళ్లిపోతారా?"

"దడి కట్టించి తొలివాన చూడకుండా ఎవరైనా ఊరెళతారా? పడిపోతే మళ్లీ కట్టుకోవాలిగా," అన్నారు.

అంటే వాన పడేదాకా ఉంటారు. ఆ రోజునుంచీ నాకు మబ్బంటే గిట్టలేదు. టీవీలో వాతావరణం చెప్పేవాడు నవ్వినప్పుడల్లా వాణ్ణి తిట్టుకున్నాను. జూలై, ఆగస్టుల్లో చినుకు రాలలేదు. పచ్చగడ్డి మాడిపోతోందని ఊరంతా ఏడుస్తుంటే నేనొక్కదాన్నే సంబరపడ్డాను.

పాపని ఎత్తుకుని ఆస్పత్రినుంచి ఇంటికొచ్చిన సాయంత్రమే భోరున కురిసింది. అత్తగారు పిల్లని నా ఒళ్లో పెట్టి, గొడుగేసుకుని, స్క్రూడ్రైవర్‌తో పెరట్లోకి వెళ్లారు. సగం తడిసి తిరిగొచ్చారు.

"దిగలేదే, అమ్మాయ్! ఇనప్పెట్టెలా ఉంది."

"అయితే... టికెట్?" అన్నాను.

"ఆ చివరి గుంజలకి నూనె పూయొద్దూ?" తడిచేతులు కొంగుకి తుడుచుకుని పిల్లని అందుకున్నారు. "అయినా నే వెళితే దీనికి నీళ్లెవరు పోస్తారే, పిచ్చిమొహమా?"