బావ చెడగొట్టిన కుళాయి

మా బావ స్నానాల గదిలోకి తేనెటీగలు తలుపు తట్టి మరీ వచ్చేవి. సరే, తట్టేవి కావు. కిటికీ తీసే ఉండేది. మిగతాదంతా నిజం.

బావ, అంటే మా అక్క మొగుడు, ప్లంబరు. తన పనితనం మీద ఈగ వాలనివ్వడు. నీటి చుక్క పడ్డ చప్పుడు వినబడితే చాలు, మనిషికి తెలియకుండానే చెయ్యి వెళ్లి కుళాయి బిగించేస్తుంది. తన పెళ్లిలోనే సగంలో లేచి వెళ్లి, హాలు వెనక కుళాయి బాగుచేసి వచ్చి కూర్చున్నాడు.

ఆయన షాపు వెనక చిత్తడి నేల ఉండేది. నిండా ఊదా పూలు, వాటి నిండా తేనెటీగలు. దాన్ని లారీల మట్టితో పూడ్చేస్తుంటే బావ మనసు చివుక్కుమంది. మిగిలిన ఒకే ఒక్క మొక్కను బురదతో సహా బకెట్లో ఇంటికి తెచ్చాడు. గింజ పట్టేదాకా బతికిస్తే కాలవ గట్టున చల్లాలని ఆశ.

దాని వేళ్లు ఎప్పుడూ తడిలోనే ఉండాలి. అక్క దాన్ని స్నానాల తొట్టిలో నాటి, పైన కుళాయిని చుక్కలు పడేలా వదిలింది. చూస్తే బురద బీటలు వారింది, కుళాయి బిగిసి ఉంది. మళ్లీ వదిలింది, మళ్లీ బిగిసింది. ముందు నన్నే అనుమానించింది, అలవాటు కొద్దీ. కాపు కాస్తే దొరికింది బావే. పళ్లు తోముకుంటూ, ఎడమ చేత్తో.

"తెచ్చిందీ మీరే, చంపుతున్నదీ మీరే," అంది అక్క.

"నా చెయ్యి సంగతి నాకు తెలీదా?"

"మీకు తెలీదండీ. కుళాయిలకు తెలుసు."

ఉన్ని చేతితొడుగులు తొడిగింది. వాటితోనే బిగించాడు. చేతులు వెనక్కి కట్టింది. మోకాలితో బిగించాడు. ఎలాగో నన్నడక్కండి.

మొగ్గలు తలలు వాల్చాయి. ఇక దారి ఒక్కటే, ఎవరూ బిగించలేని కుళాయి. అంటే దాన్ని ఆయనే చెడగొట్టాలి. ప్లంబరు ఇంట్లోనే కుళాయి కారుతోందని తెలిస్తే రేపు పనికి ఎవరు పిలుస్తారు? బావ తొట్టి అంచున కూర్చుని చాలాసేపు మొక్కనీ రెంచినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత వాషర్ పీకి కిటికీలోంచి విసిరేసి, చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

పూలు విచ్చుకున్నాయి. తేనెటీగలు ఎంతగా వచ్చాయంటే, గింజలు రాలేదాకా బావ ఇంటిల్లిపాదీ మా ఇంటికొచ్చి స్నానాలు చేశారు. ఇప్పుడు కాలవ గట్టంతా ఊదారంగే.

మొన్న ఇదంతా పదిమందిలో చెబుతుంటే, బావ చెవిలో దూది తీసి నా వైపు చూశాడు.

"మొక్కా లేదు, తేనెటీగలూ లేవు. వీడి మాటలు నమ్మకండి. నా ఇంట్లో కుళాయి కారదు."