ఇంజన్ కొనకముందే వచ్చిన జరీనా

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను మేడ్చల్ ప్రాంతానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. మాది కాకినాడ వైపు. అప్పటికే హైదరాబాద్ శివారు యాప్రాల్‌లో స్థిరపడ్డాం కాబట్టి, ఇంటికి దగ్గరన్న సంతోషంతోనే చేరాను.

లైసెన్సు పరీక్షలు, రవాణా బళ్ల ఫిట్‌నెస్ తనిఖీలు అందరికీ తెలిసిన పనులే. బయటివాళ్లకు అంతగా తెలియనిది ఇంజన్ మార్పు. పాత ఇంజన్ పాడై ఇంకోటి బిగిస్తే, కొత్తదాని నంబరు ఆర్సీలో ఎక్కాలి. నిబంధన ప్రకారం బిగించేముందే మా అనుమతి తీసుకోవాలి. జరిగేది వేరు. సెకండ్‌హ్యాండ్ ఇంజన్ చవగ్గా దొరికిందని కొని, బిగించి, బండి నడుపుకుంటూ వచ్చేవారు. నంబరు దిద్దినట్టు కనిపిస్తే నాకు మిగిలేది ఒక్కటే దారి: బండి ఆపి పోలీసులకు రాయడం. దొంగ సరుకని తెలియక కొన్నానని ఆ తర్వాత రుజువు చేసుకోవాల్సింది ఆ కొన్నవాడే. అలా కళ్లనీళ్లు పెట్టుకున్న డ్రైవర్లను చాలామందిని చూశాను.

అందుకే ఖాజా దంపతులు నాకు బాగా గుర్తున్నారు. శామీర్‌పేట దగ్గరి పల్లె వాళ్లది. కొంచెం పొలం ఉంది. ఖాజా ఒక కాంట్రాక్టరు కింద తన కారులో తుర్కపల్లి ల్యాబుల ఉద్యోగులను దింపి తీసుకొచ్చేవాడు. కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజన్ బ్లాకును పగలగొట్టడంతో కారు షెడ్డులో పడింది. మాట్లాడింది మాత్రం అతని భార్య జరీనా.

“మేడం, మా తమ్ముడు సలీమే ఒక దుకాణం సూపిచ్చిండు. ఇంజన్ మస్తుగుంది, కాయితాలు గూడ ఉన్నయంటుండు. గానీ గంత సస్తగ ఎందుకిస్తుండని నాకు డర్ అయితాంది.”

ఖాజా ఇబ్బందిగా కదిలాడు. “ఠేకేదారు సోమవారం దాక సూస్తనన్నడు మేడం. తర్వాత నా రూటు ఇంకొకలకు ఇస్తడట. నేనైతే తీస్కుందామనే అంటున్న.”

కాగితాలు చూశాను. ప్రమాదంలో నుజ్జయిన కారుకు బీమా కంపెనీ ఇచ్చిన పత్రం, ఆర్సీ నకలు, బిల్లు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయితే పాత ఇంజన్ల వ్యాపారంలో కాగితం నిజమైనంత మాత్రాన సరుకు నిజమని కాదు. నుజ్జయిన కారు కాగితాలు కొని, ఆ నంబరును దొంగ ఇంజన్ మీద కొట్టడం పాత ఎత్తే. ఇంజన్‌ను కళ్లతో చూడాలి, వేలితో తడమాలి. మా పై అధికారైన జిల్లా రవాణా అధికారికి విషయం చెప్పి, అనుమతి తీసుకుని వాళ్లతో బయల్దేరాను.

దుకాణం కుత్బుల్లాపూర్ చివర రేకుల షెడ్డు. సలీం అక్కడే ఉన్నాడు. యజమాని మర్యాదగా కుర్చీ వేశాడు. ఇంజన్‌ను స్టాండు మీద ఆడించి చూపించాడు. శబ్దం బాగానే ఉంది. నేను దాన్ని ఆపించి, కిరోసిన్ గుడ్డతో నంబరు ఉన్న చోటు తుడిచాను.

బ్లాకు మీద నంబరు కోసం ఒక చోటు చదునుగా చెక్కి ఉంటుంది. ఫ్యాక్టరీ యంత్రం చెక్కితే సన్నని గీతలు ఒకే వైపుకు సాగుతాయి, అంకెలన్నీ ఒకే లోతులో దిగుతాయి. ఇక్కడ గీతలు లేవు. గుండ్రంగా అరగదీసిన గుర్తులు, వాటిమీద తాజా వెండిరంగు. ఒక అంకె లోతుగా ఉంటే పక్కది పైపైన ఉంది.

నా వేలు ఆ అంకెల మీద ఆగడం చూసి యజమాని గ్రహించాడు. “కావాల్నంటే తీస్కోండ్రి మేడం, లేకుంటే ఇడ్సిపెట్టుండ్రి. ఇంకో గిరాకీ ఉన్నది,” అన్నాడు.

బయటికొచ్చి అధికారికి ఫోన్ చేశాను. ఆయన స్టేషనుకు చెప్పారు. చిక్కు అప్పుడు మొదలైంది. అది తుక్కు, అమ్మకానికి పెట్టలేదని యజమాని అంటే కేసు నిలవదు. ఈ కాగితాలు చూపి అమ్మజూపాడని చెప్పే మనిషి కావాలి. ఖాజా చెప్పాలంటే, తీసుకొచ్చిన సలీం పేరు చెప్పక తప్పదు. అతను భార్య ముఖంలోకి చూశాడు.

సలీం అక్క చెయ్యి పట్టుకున్నాడు. “ఆపా, సక్కగ ఇంటికి పోదాం పట్టు. ఠాణాల నా పేరొస్తే నేను మొకమెట్ల సూపియ్యాలె?”

“నీకు ఎరికేనా గిది చోరీ మాల్ అని?” అని అడిగింది జరీనా.

“ఖుదా కసమ్, ఎరికలేదు. గిరాకీ తెస్తే కమీషన్ ఇస్తనన్నడు. గంతే.”

“గంతే అయితే గదే చెప్పు. నేను పక్కనే కూసుంట. యాడనో ఒకాయన బండి పోయి ఏడుస్తుండు. గాయన ఇంజన్ మన బండిల ఏస్కొని తిరుగుదమా?”

తమ్ముణ్ని స్టేషనుకు ఆమే తీసుకెళ్లింది. ఖాజా, నేనూ వెంట వెళ్లాం. నా భయమల్లా అక్కడ వీళ్లనే ముద్దాయిలుగా చూస్తారేమోనని. అక్కడి ఎస్సై వయసులో చిన్నవాడు, నిదానస్థుడు. ఖాజాను ఫిర్యాదుదారుగా, సలీంను సాక్షిగా రాసుకున్నాడు. ఒక్క మాట తూలలేదు. అతని పట్ల నాకు ఇప్పటికీ గౌరవం.

ఫోరెన్సిక్ ల్యాబులో అరగదీసిన చోట ఆమ్లం పూసి పరీక్షిస్తారు. పాత అంకెలు కొట్టినప్పుడు అడుగున నొక్కుకుపోయిన లోహం వేరుగా కరిగి, అంకెలు మళ్లీ మసగ్గా తేలతాయి. అలా తేలిన నంబరు ఒక స్కూలు వ్యాను నడిపే ఆయన దగ్గర దొంగిలించిన బండిదని తెలిసింది. దుకాణం మూతపడింది, యజమాని అరెస్టయ్యాడు. కోర్టు అనుమతితో ఆ ఇంజన్ అసలు సొంతదారుకు చేరింది.

ఖాజాకు మాత్రం వెంటనే ఏ మేలూ జరగలేదు. ఇదంతా తేలకముందే ఆ సోమవారం రానే వచ్చింది. తోటి డ్రైవర్లు వంతులు వేసుకుని అతని రూటు నడిపి, ఠేకేదారు దాన్ని ఇంకొకరికి ఇవ్వకుండా చూశారు. సలీం చాలాకాలం అక్క ఇంటి గడప తొక్కలేదు. చివరికి బీమా కంపెనీ వేలంలో నుజ్జు కారు కొన్న ఒక నమ్మకమైన వ్యాపారి దగ్గర ఖాజాకు ఇంజన్ దొరికింది. ఇంకా కారులోంచి విప్పనే లేదు. అక్కడే నంబరు సరిచూసుకుని, అనుమతి తీసుకున్నాకే బిగించాడు. తనిఖీకి తెచ్చిన రోజు బానెట్ ఎత్తి నేను సంతకం చేస్తుంటే, పక్కన సలీం కూడా నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కొనేముందు అడగడానికి వచ్చేవాళ్లను ఎప్పుడొచ్చినా వెనక్కి పంపలేదు. చట్టం నాకిచ్చిన అధికారమంతా కొన్నాక బండి ఆపడానికే. కొనకముందు పనికొచ్చేది అడిగేవాళ్ల అనుమానం ఒక్కటే. దాన్ని విసుక్కోకుండా వినడం కూడా ఇన్‌స్పెక్టరు పనేనని నాకు తెలియజెప్పినందుకు జరీనాకు నేను కృతజ్ఞురాలిని.