నెత్తురు పడితే పైల్స్ అనుకున్నాను

మా ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు మధ్యలో లేవడు. లేస్తే పని చెడుతుంది. అందుకే మేం నీళ్లు కూడా సరిగా తాగం. ముప్పై ఐదేళ్లు అలా కూర్చున్న నేను ఒకరోజు జానెడు బట్ట నేసేలోగా నూట ఎనిమిదిసార్లు ఒంటికి లేచాను. అంత దూరం పరిగెత్తితే వచ్చేది చెంచాడు. వయసు యాభై ఆరు. షుగరేమో అనుకున్నాను. కర్నూలు ఆసుపత్రిలో పీఎస్ఏ రక్తపరీక్ష, ఎమ్మారై, బయాప్సీ చేసి ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు.

"రేడియేషన్‌తో నయమవుతుంది. మైనర్ సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి, అంతే" అన్నాడు డాక్టరు.

మైనరట. ఆ మాటకు ఇప్పటికీ పళ్లు నూరుతున్నాను.

మా వైపు రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. ఐదున్నర వారాలు పెట్టారు. బ్లాడర్ ఫుల్‌గా ఉండాలని నీళ్లు తాగించి బెంచీ మీద కూర్చోబెట్టేవారు. మిషను మొరాయించిన రోజు తుంగభద్ర డ్యామును పొట్టలో మోశాను. మూడో వారానికి మూత్రంలో మంట మొదలైంది, బస్తా మిరపకాయలు నూరి పోసినట్టు. తిరుగు బస్సును కోడుమూరు చేరేలోపే రెండుసార్లు ఆపించేవాణ్ణి. "ఏమప్పా, ఈ బస్సు నీకోసమే ఏసినారా?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, మనసులో వాణ్ణి పచ్చిగా నమిలేస్తూ.

అప్పుడు నేతగాడి బుద్ధితో ఓ ఘనకార్యం చేశాను. లేవాల్సిన పని తప్పుతుందని ఇంట్లో నీళ్లు మానేశాను. మంట రెట్టింపైంది.

కరెంటు అయిపోయింది, పీఎస్ఏ తగ్గింది. మళ్లీ గుంటలో కూర్చుంటే చాలనుకున్నాను. ఎనిమిది నెలలకు విరేచనంలో నెత్తురు పడింది. ఇన్నేళ్లు కూర్చున్నందుకు పైల్స్ వచ్చాయని నాకు నేనే తీర్పు చెప్పుకుని, పైల్స్‌కు సూది వేసే ఒకాయన దగ్గర రోజు ఖాయం చేసుకున్నాను. ఆ ముందురోజే ఆసుపత్రిలో చెకప్. డాక్టరు కాగితంలోంచి తల ఎత్తకుండానే ఇబ్బందులేమైనా ఉన్నాయా అన్నాడు. ఏమీ లేవన్నాను. పెద్ద డాక్టరు అడిగితే బాగలేదని చెప్పడం మాకు చేతకాదు.

వెనక నిలబడ్డ మా ఆవిడ నాగలక్ష్మి ముందుకొచ్చింది.

"ఈయప్ప మాట నమ్మొద్దు సార్. రెండు నెలల నుంచి నెత్తురు పోతాండాది. లుంగీలు ఉతికేది నేను, నాకు తెలీదా? రేపు పైల్సుకు సూది ఏయించుకుంటాడంట."

డాక్టరు పెన్ను ఆగింది. "రేడియేషన్ ప్రాక్టైటిస్ అయ్యుండొచ్చు, అంటే కరెంటుకు మలద్వారం లోపలి పొర దెబ్బతినడం. అక్కడ సూది వేస్తే పుండు పడి మానదు. ఇలా రావచ్చని ఫారంలో రాశాం కదా?"

ఆ ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టింది నేనే. అయినా ఒళ్లు మండింది.

"మంచం సంగతి కూడా రాసినారా సార్ అందులో? ఏడాదైంది, మొగుడూ పెళ్లాలుగా లేము" అని అడిగేశాను.

నర్సు గోడవైపు తిరిగింది. డాక్టరు గొంతు తగ్గించాడు. "దానికీ మందులున్నాయి. మీరు అడగలేదు."

"మీరు చెప్పలేదు" అన్నాను.

గొట్టం వేసి చూశారు, ప్రాక్టైటిసే. ఎనీమా మందులు వాడాక నెత్తురు దాదాపు ఆగింది. ఇప్పుడు రోజుకు ఒక్క పూటే మగ్గం మీద కూర్చుంటున్నాను. నీళ్లు తాగుతున్నాను, వంద సార్లైనా లేస్తున్నాను. చీర ఆలస్యమైతే అవనీ. మంచం సంగతి కొంచెం మెరుగు. కోపం మాత్రం ఏ మందుకూ తగ్గలేదు.

మీకూ కరెంటు పెట్టి ఉంటే, నెత్తురు కనబడగానే ఆ పెట్టిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఇంకెవరు చెయ్యి వేయబోయినా రేడియేషన్ అయిందని ముందే చెప్పండి. సిగ్గుపడే మాటే అన్నిటికన్నా ముందు చెప్పండి. డాక్టరు మీ మొహం చూసి జవాబు చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి.