సమాయిల్‌లో పదకొండు ఇంటూ గుర్తులు

మా హాజరీ చాచా పోయాడని కడప నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేను ముందు నమ్మలేదు. ఈమధ్య ఎవరెవరో ఫోన్ చేసి, తెలిసినవాళ్ల పేరు చెప్పి బోల్తా కొట్టిస్తున్నారు కదా. "మీ నాయన ఒమాన్‌లో నన్ను ఏమని పిలిచేవాడో చెప్పమ్మా" అన్నాను. తండ్రిని పోగొట్టుకుని ఏడుస్తున్న మనిషిని అడగవలసిన మాట కాదది. ఆమె ముక్కు చీదుకుని, "అనుమానం సాబ్ అనేవాడు" అంది. ఇక అడగడానికేమీ మిగల్లేదు. తమ్ముడు ఒమాన్‌లో బౌషర్ నుంచి రావాలి, రేపు మధ్యాహ్నం నమాజు దాకా ఉంచుతాం, వీలైతే రండి అంది. ఆ సాయంత్రమే జగిత్యాలలో బస్సెక్కాను.

చాచా నాకు చుట్టం కాదు. డెబ్బైలలో ఒమాన్‌లోని సమాయిల్ దగ్గర ఒక బడి కడుతున్న కంపెనీలో ఆయన టైమ్‌కీపర్. చెవి మీద పెన్సిలు, చంకలో హాజరీ పుస్తకం. పొద్దున్నే వరుసగా పేర్లు పిలిచేవాడు. పలికితే గీత, పలకకపోతే ఇంటూ గుర్తు. ఇంటూ పడిందంటే ఆ రోజు జీతం లేదు. అందుకని ఆ పుస్తకం తెరిస్తే మా కళ్లు ముందు ఇంటూల కోసమే వెతికేవి.

నాకు పుట్టుకతోనే అనుమానం. చాయ్ ఇస్తే ఇందులో ఏం కలిపారో అని చూసేవాణ్ణి. చాచా అది కనిపెట్టి, రోజూ నా గ్లాసులోంచి ఒక గుక్క తాగి ఇచ్చేవాడు. "తాగినానప్పా, సావలేదు. ఇంక నువ్వు తాగు" అనేవాడు. గ్యాంగంతా నవ్వేది, నేను మాత్రం చూసే తాగేవాణ్ణి.

మా గ్యాంగు పదకొండుమంది. స్లాబు వేసేటప్పుడు మెట్లమీద మెట్టుకొకడుగా నిలబడి కాంక్రీటు తట్టలు పైకి పంపేవాళ్లం. కిందివాడి దగ్గర అందుకుని, వెనక పైమెట్టు మీదున్నవాడికి భుజం మీదుగా ఇవ్వాలి. నేను ప్రతిసారీ మెడ తిప్పి చూసేవాణ్ణి, వాడు పట్టుకున్నాడా లేదా అని. నా దగ్గరికొచ్చేసరికి లైను ఆగిపోయేది. చాచా కింద నుంచి అరిచేవాడు: "వెనక్కి చూడబాకురా. ఆడ పట్టుకునే చేతులుండాయి."

ఆ ఏడు ఎండ తగ్గాక సైట్‌లో ఒక పుకారు లేచింది. స్లాబు పని అయిపోవచ్చింది, ఒక గ్యాంగును ఇంటికి పంపేస్తారు అని. నేనొచ్చి ఏడు నెలలే. ఊళ్లో మా ఆవిడ నెలలు నిండి ఉంది. మొగుడు గల్ఫ్‌కి పోయి ఏడాదైనా నిలవలేక తిరిగొచ్చాడని వీధిలో అంటుంటే ఆమె వినాలి. ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

సరిగ్గా అప్పుడే చాచా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అమెరికా ఇంజనీరు క్యాబిన్‌లోకి వెళ్లి, తలుపేసుకుని, గంటన్నర బయటికి రాకపోవడం మొదలైంది. మా పనివాళ్లలో ఇంగ్లీషు వచ్చిన మనిషి చాచా ఒక్కడే. ఏంది చాచా లోపల పని అని అడిగితే ఫుట్‌బాల్ అన్నాడు. ఇంజనీరు చదివిన కాలేజీ జట్టు ఆ ఏడు ఒక్క ఆటా ఓడకుండా వస్తోందట, ఛాంపియన్ అవుతుందట. ఇంజనీరు కూడా చదువుకునే రోజుల్లో అదే జట్టులో ఆడాడట. వచ్చే ఆట ఎలా ఆడాలో ఆయన కాగితం మీద గీసి, ఎవరికైనా చెప్పకుండా ఉండలేడట. ఆయన బల్లమీద ఆ బంతిని నేను చూశాను. పీచు తీయని కొబ్బరికాయలా ఉంటుంది, చేత్తో పట్టుకుని పరుగెత్తుతారట. చేత్తో ఆడే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేమిటి? అక్కడే నా అనుమానం గట్టిపడింది.

ఒక శుక్రవారం పొద్దున ఇంజనీరు మస్కట్ వెళ్లాడు. నీళ్ల కూజా పెట్టడానికని క్యాబిన్‌లోకి వెళ్లాను. గోడమీద పెద్ద కాగితం. పైన పదకొండు సున్నాలు, కింద పదకొండు ఇంటూలు. ఒక్కో ఇంటూ పక్కన పెన్సిలుతో సన్నగా ఉర్దూలో ఏదో రాసి ఉంది. మా నాయన ఉర్దూ బడిలో చదివినవాడు, నాకూ అక్షరాలు నేర్పాడు. కూడబలుక్కుని చదివాను. మా గ్యాంగువాళ్ల పేర్లు. సరిగ్గా నడుమనున్న ఇంటూ పక్కన నా పేరు.

కాగితం పీకి, మడిచి, పిన్నులతో సహా మెస్ పొయ్యిలో అన్నం గుండిగ కింద పడేశాను. మమ్మల్ని అమ్మేశాడు అనుకున్నాను. రోజూ నా చాయ్ తాగి నన్ను నమ్మించింది ఇందుకేనన్నమాట అనుకున్నాను.

జుమ్మా నమాజు అయ్యాక చాచా క్యాబిన్‌లోకి వెళ్లి, వెంటనే బయటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి, మెస్ పొయ్యి దగ్గర కూర్చున్న నా వైపు చూశాడు. నేరుగా వచ్చి, పొయ్యి ముందు వంగి, పుల్లతో బూడిద కెలికి నాలుగు పిన్నులు ఏరుకున్నాడు. ఖాళీ సిమెంటు సంచి చింపి లోపలి కాగితం తీసి, నా ముందు పరిచాడు.

"అనుమానం సాబ్, మూలలు పట్టుకో."

పట్టుకున్నాను. చెవి మీద పెన్సిలు తీసి సున్నాలు గీశాడు, ఇంటూలు గీశాడు. ఎవడు ఎటు పరుగెత్తాలో బాణాలు పెట్టాడు. ఎక్కడా ఆగి ఆలోచించలేదు. మళ్లీ పేర్లు రాయడం మొదలుపెట్టాడు. నేను ఇక పట్టలేకపోయాను.

"మా పేర్లు ఎందుకు రాస్తున్నవ్ చాచా? ఎల్లగొట్టనీకే గదా?"

"ఎల్లగొట్టాలంటే పేర్లు రాసుకోవల్నా? ఆ కాలేజీ పిలకాయల పేర్లు ఒక్కటీ నా నోటికి తిరగవు. మీ పేర్లయితే పొద్దున్నే పిలిచేవే. అందుకని మిమ్మల్నే ఆటకి దింపినా."

"నీకెందుకు చాచా ఆ ఆట?"

"నాకెందుకురా? వాళ్లు గెలిచిన వారం సాబు మెత్తగా ఉంటాడు. అప్పుడు ఈళ్లను ఇంకో ఏడు ఉంచండి సాబ్ అని ఒకటో రెండో కాగితాలు ముందర పెడతా. సంతకం చేస్తాడు. ఎనిమిది అయినాయి. మూడుండాయి, ఆఖరాట ఒకటుండాది."

"నాదో?"

"ఆ మూడింట్లోనే."

మూలలు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. సాబు పాత కాగితం ఏదని అడిగితే ఏం చెప్తావన్నాను. గాలికి పోయిందంటా అన్నాడు. నా పేరు దగ్గరికొచ్చి పెన్సిలు ఆపాడు.

"నడుమ ఉండేవాడు వంగి, కాళ్ల సందులోంచి బంతి వెనక్కిస్తాడు. ఎదుటోళ్లు మీదపడతా ఉంటారు. వెనక వాడు పట్టుకున్నాడా అని చూడకూడదు. చూసినాడంటే ఆట పోతాది."

"మరి నన్నెందుకు పెట్టినవ్ ఆడ?"

"నేర్చుకుంటావేమోనని."

ఇంజనీరు సాయంత్రం వచ్చి, సిమెంటు సంచి కాగితం వైపు చాలాసేపు చూసి, ఒక సున్నాను రబ్బరుతో చెరిపి కాస్త పక్కన గీశాడట. గాలి మాట ఆయన నమ్మలేదనే నా అనుమానం. కొన్ని రోజుల తరువాత మస్కట్ ఆఫీసుకు టెలెక్స్‌లో కబురు వచ్చింది, ఆఖరాట కూడా గెలిచారు. ఇంజనీరు క్యాబిన్ బయటికొచ్చి ఆ కొబ్బరికాయ బంతిని మా గ్యాంగు మీదికి విసిరాడు. మధ్యాహ్నానికి మూడు కాగితాలూ సంతకాలతో చాచా చేతిలో ఉన్నాయి. ఆట ఓడినా ఆయన సంతకం పెట్టేవాడేమో చాచా అని ఒకసారి అడిగాను. "ఏమో, ఓడిన వారం అడిగి చూడలేదు" అన్నాడు.

ఆ కంపెనీలో తొమ్మిదేళ్లు ఉన్నాను. మా పిల్లల చదువులు ఆ సంతకం చలవే. కాగితం కాల్చింది నేనే అని మాత్రం చాచాతో ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. అయినా నా నోటితో చెప్పాల్సింది. సిగ్గుపడి దాటేశాను, ఆయన ఉన్నన్నాళ్లూ దాటేశాను.

కడపలో దిగేసరికి బాగా పొద్దెక్కింది. ఆయన కొడుకు నా చెయ్యి పట్టుకుని జనంలోంచి ముందుకు తీసుకెళ్లాడు. నమాజయ్యాక జనాజా మంచం లేపారు. ముందు కొమ్ము కింద నేనూ భుజం పెట్టాను. చాచా ఎప్పుడూ బక్కపలచనే, అయినా నాకు బరువనిపించింది. పెన్నేటి ఇసుక లారీ ఒకటి మాకు దారి ఇచ్చి ఆగింది. ఒక ముప్పై అడుగులు నడిచానేమో, నా వయసు చూసి ఎవరో వెనక నుంచి వచ్చి నా భుజం పక్కన తన భుజం చేర్చారు. మెడ తిరగబోయింది. ఆపుకున్నాను. ఎవరో, పట్టుకున్నారో లేదో చూడకుండా పక్కకి తప్పుకున్నాను. చాచా ముందుకు సాగిపోయాడు, కొంచెం కూడా ఒరగకుండా.