ఆ బెంచీ మీద నా వంతు

అమ్మ పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది బి.కొత్తకోట నుంచి అమ్మ దగ్గరికి వచ్చిన ఒకామె. ఆమె పేరు నాకిప్పటికీ తెలియదు. అమ్మ ఫోన్ నుంచే చేసి, "నా మాట ఇంటా ఇంటానే అమ్మ పక్కకి ఒరిగిపొయ్యిందక్కా. ఇంక లేదంట" అని వెక్కివెక్కి ఏడ్చింది. పుంగనూరు బడిలో, ఐదో తరగతి పిల్లల ముందు నిలబడి విన్నాను. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయ. ఆఖరి క్షణంలో కూడా అమ్మ చెవి ఆమెకే దక్కింది.

అమ్మ మదనపల్లెలో నర్సుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత చర్చి ఆవరణలో వాడకుండా పడున్న గదిని కడిగించి, ఒక బెంచీ, ఒక కుర్చీ వేసుకుంది. మనసు బాగాలేనివాళ్లు ఎవరైనా రావచ్చు. చీటీ లేదు, ఫీజు లేదు, ఏ దేవుణ్ణి మొక్కుతారని అడగదు, పేరు కూడా అడగదు. టమోటా పంట పారబోసి వచ్చిన రైతు, అత్తతో పడలేని కోడలు, నిద్రపట్టని కాలేజీ పిల్ల, అందరూ ఆ బెంచీ మీదే. అమ్మ ఒళ్లో చేట పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుస్తూ వినేది. మొహంలోకి చూస్తే మాట వెనక్కి పోతుందట. మందులు అవసరమైనవాళ్లను మాత్రం తనే డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుపోయి, ఓపీలో పక్కనే కూర్చునేది.

"సెప్పేదాకా అడగొద్దు, సెప్తాంటే ఆపొద్దు" అనేది. ఆ నియమం ఊరందరికీ వర్తించేది, ఒక్క నాకు తప్ప.

ఆరో నెలలో నా బిడ్డ కడుపులోనే పోయినప్పుడు అమ్మ దగ్గరికి వెళ్లాను. రెండు మాటలు అన్నానో లేదో, "ఐరన్ మాత్రలు ఏసుకుంటాండావా? రాగిజావ తాగు. వయసుండాది, మల్లీ పుడతార్లే" అని అడ్డుపడింది. నాకు ఒళ్లు మండింది. ముక్కూమొహం తెలియనివాళ్లకు గంటలు గంటలు కేటాయించే మనిషి, కన్నకూతురికి ఐదు నిమిషాలు ఇవ్వలేకపోయింది.

మర్నాడు పంతం పట్టి వెళ్లి ఆ బెంచీ మీద కూర్చున్నాను. నా ముందు ఇద్దరున్నారు. నా వంతు వచ్చాక చేట ఒళ్లోకి తీసుకుని, "సెప్పమ్మా, నేను ఈడే ఉండాను" అంది, అందరితో అన్నట్టే. బిడ్డకు నేను అనుకున్న పేరు చెప్పాను. అమ్మ చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది. చేట కింద పెట్టేసింది.

"నా వల్ల కాదు పాపా. ఊరోళ్లు ఏడిస్తే ఇనగలను. నువ్వు ఏడుస్తాంటే నా పేగు తెగుతాండాది. అందుకే నీ నోరు మూసేకి సూస్తాండాను. నాతో పన్జేసిన సిస్టరు కుప్పంలో ఇట్లాంటి గదే పెట్టుకోనుండాది. ఆమె కాడికి పో. ఆమెకు నువ్వు కూతురు కాదు."

వెళ్లాను. నాలుగు నెలలు బస్సులో తిరిగాను. ఆవిడ ఓపిగ్గా విన్నది, నేను తేరుకున్నాను. అయినా ఉన్నమాట చెప్పాలి. అమ్మ గదిలో ఒలిచిన పప్పుల గుట్ట చూసినప్పుడల్లా, ఇవన్నీ ఎవరెవరి మాటలు వింటూ ఒలిచిందో, అందులో నావి లేవు కదా అని కుళ్లుకునేదాన్ని.

సమాధి చేసిన మూడోరోజు ఆ గదికి తాళం వేద్దామని వెళ్లాను. శాంతిపురం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె అప్పటికే బెంచీ మీద కూర్చునుంది. అమ్మ లేదని చెప్పాను. ఆ పిల్ల కదల్లేదు.

"మూడు వారాలుగా వస్తాండాను. ఇంకా ఏం సెప్పలేదు. ఈపొద్దు సెప్దామని వచ్చినా" అంది.

అమ్మ కుర్చీలో కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. చేట తెచ్చి ఆ అమ్మాయి పక్కనే, బెంచీ మీద కూర్చున్నాను.

"మీరెవురక్కా?"

"నేనూ నీ మాదిరే వచ్చినదాన్ని."

ఇద్దరం ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కాయలు ఒలిచాం. కాసేపటికి ఆ పిల్ల మాట్లాడటం మొదలుపెట్టింది, ఆ కుర్చీతోనే. నేను ఆపలేదు. నా వంతు కోసం కాయలు ఒలుస్తూ కూర్చున్నాను.