నీలం దుప్పటిలో ఒక అతుకు

హిందూపురంలో నేను అద్దెకుండే ఇంట్లో రెండు గదులు, ఒక వరండా, రెండు పిల్లులు. ఒకటి ఎర్రది, మగది. ఇంకొకటి చారలది, ఆడది. పేర్లు పెట్టలేదు. పిలిస్తే రెండూ రావు కనుక పేర్ల అవసరం రాలేదు.

డిప్లొమా చివరి ఏడాది చలికాలంలో ఫోన్‌లో వీడియోలు చూసి ఊలు అల్లడం నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక అది సాయంత్రాల అలవాటైంది. ఫ్యాక్టరీలో నా పని తయారైన ఇనుప ముక్కలను కొలవడం, కొలత తప్పినవాటిని పక్కకు తీయడం, ఎందుకు తప్పాయో కాగితం మీద రాయడం. ఇంటికొచ్చాక కూడా ఆ రాసే చెయ్యి ఊరుకోదు. అల్లికకు ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ రోజు ఎన్ని వరుసలు, ఏ సూదులు, ఎక్కడ కొత్త ఉండ మొదలైంది, ఎక్కడ లూపు జారింది, అన్నీ అందులో ఉంటాయి. వెనక పేజీల్లో పిల్లుల తప్పులు రాసేవాణ్ణి.

ఎర్రదాని పేజీ నిండిపోయింది. ఉండను దొర్లించుకుపోయి స్టవ్ బల్ల కింద దాచింది. పోగు కొరికింది. సూదిని నోట కరుచుకుని వరండా దాటింది. చారలదాని పేజీలో మాత్రం ఒకటే మాట మళ్ళీ మళ్ళీ ఉండేది: ఊలు బుట్టలో పడుకుంది.

అది బుట్టలో పడుకునేదే తప్ప ఇంకేమీ చేసేది కాదు. నేను అల్లుతుంటే పోగు బుట్టలోంచి దాని వీపు మీదుగా నా చేతికి వచ్చేది. అది కదిలేది కాదు. పోగు కాస్త బిగిస్తే ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకునేది.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. నేను పుట్టకముందు నుంచీ అదే మగ్గం. ఆయన కుడి కంట్లో పొర వస్తే హిందూపురంలోనే ఆపరేషన్ చేయించాను. అక్క తొలికాన్పుకు ధర్మవరం వచ్చి ఉంది కనుక అమ్మ రావడానికి వీలు కాలేదు. నాయన ఒక్కడే నా దగ్గర ఉన్నాడు.

మగ్గం లేకపోతే ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు రోజులు నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. మూడో రోజు వచ్చి నా పక్కన చేరాడు.

"ఏమబ్బా, వచ్చినప్పట్నుంచి సూస్తాండా, ఆ రెండు పుల్లలు ఆడిస్తానే ఉండావు. గుడ్డ యాడ?"

"ఇదే గుడ్డ నాయనా. అక్క బిడ్డకు దుప్పటి."

"ఇదా? పడుగు లేదు, పేక లేదు. దేన్ని పట్టుకోని నిలబడుతుందప్పా ఇది?"

"అంతా ఒకటే పోగు. దాన్ని అదే పట్టుకుంటుంది."

"ఒంటి పోగుతో గుడ్డంట!" అని బుట్టలో ఉన్న చారలదాని వైపు తిరిగాడు. "వింటివా? సాలెపురుగు చేసే పనికి మీ వోడు డిప్లొమా చదివినాడు."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. అడ్డంగా నడిచే పోగును పేక అని, నిలువుగా నిలిచే పోగులను పడుగు అని ఆయన దగ్గర నేర్చుకున్నవాణ్ణే నేను. ఆయన ఇప్పుడు నా పనిని వేలితో తడిమి చూస్తుంటే గర్వంగా కూడా అనిపించింది.

నాయనకు ఒక పద్ధతి ఉంది. చీర మగ్గం నుంచి దిగాక, పోగు తెగిన చోటో, ఉండకట్టిన చోటో ఏదైనా లోపం ఉంటే, అది పై మడతలో కనబడేట్టు మడుస్తాడు. వ్యాపారి చీర చేతికి తీసుకోగానే మొదట కంటపడేది అదే. మా వీధిలో మిగిలినవాళ్ళు లోపలికి మడుస్తారు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే ఆయన అన్నాడు: "వాడు ఇంటికి పోయి సూసుకుంటే నన్ను తిడతాడు. నా ముందరే సూసుకుంటే చీరను తిడతాడు." నేను ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఆ మాటతోనే మొదలైందని నా నమ్మకం.

నల్లద్దాలు తీసేసి మందులు తగ్గించిన వారంలో ఆయన ఉత్సాహం చూడాలి. గోడ మీది పగుళ్ళు లెక్కపెట్టాడు. ఎదురింటి వాళ్ళ తలుపు మీద రాసినదంతా పైకి చదివాడు. "నీ గడ్డంలో ఒక తెల్లెంటిక ఉండాది రా" అని నాకే చెప్పాడు.

ఆ వారంలోనే ఒక రోజు ఫస్ట్ షిఫ్ట్ ముగించుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. బుట్ట బోర్లా పడి ఉంది. దుప్పటి నేల మీద ఉంది. నూట అరవై రెండు వరుసలు. మధ్యలో అరచెయ్యంత కన్నం, అక్కడి నుంచి నిచ్చెన మెట్లలాగా కిందికి జారిన లూపులు. పై వరుస సూది నుంచి పూర్తిగా ఊడిపోయింది. ఆ కుప్ప మీద చారలది నిద్రపోతోంది.

"నాయనా, ఏమైంది ఇది?"

నాయన వరండాలోనే ఉన్నాడు. నా వైపు తిరగలేదు.

"ఏమయ్యేదేముందప్పా. నీ పిల్లి. నేను పండుకోనుంటి. లేసి సూస్తే అట్ల ఉండాది."

"ఏ పిల్లి?"

"దాని మీద ఏది పండుకోనుండాదో అదే."

ఆయనే మళ్ళీ మాట్లాడాడు. "రేపు అక్క పసిబిడ్డను ఎత్తుకోని ఈడికి రాదా? దీనికి గోర్లుండాయి, పండ్లుండాయి. నీకు పిల్లి కావాల్నో, బిడ్డ కావాల్నో సూసుకో."

ఫ్యాక్టరీలో ఒక్క ముక్కను పక్కకు తీయాలంటే మూడుసార్లు కొలుస్తాను. ఆ మధ్యాహ్నం ఒక్కసారి కూడా కొలవలేదు. చెప్పింది నాయన. లోపాన్ని పైకి మడిచే మనిషి. ఆయన చెప్పినదాన్ని కొలవాలని నాకు తట్టనేలేదు. కింద పడిన చిన్న చిన్న ఊలు ముక్కలతో సహా దుప్పటిని ఒక కవర్లో కుక్కి అటక మీద పడేశాను.

నాతో పనిచేసే ఒకతని పెద్దమ్మ పెనుకొండలో ఉంటారు. నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇంటి చుట్టూ ప్రహరీ, లోపల ఇప్పటికే మూడు పిల్లులు. ఆదివారం తీసుకొస్తానని ఫోన్‌లో చెప్పాను. పిల్లిని పట్టి బుట్టలో పెట్టడం కష్టమని అందరూ అంటారు. చారలదాని విషయంలో నేనేమీ చేయాల్సిన పని రాలేదు. బుట్టలో ఒక ఊలు ఉండ వేసి కింద పెట్టాను. అదే నడుచుకుంటూ వచ్చి ఎక్కి పడుకుంది. మూత వేసి కట్టాను. రెండు చేతులూ బుట్టకే సరిపోతే నాయన ముందు నడిచి మా ఇంటి గేటు తీసి పట్టుకున్నాడు.

నేను పెనుకొండ చేరేసరికి ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, తెల్లచీరలో ఉన్నారు. మూత విప్పి లోపలికి చూశారు.

"ఇంత సాదుగా ఉండాది కదప్పా. ఏం తప్పు చేసింది?"

"అల్లిందంతా పీకేసింది మేడమ్."

"ఇదా?" అన్నారు.

తిరుగు రైల్లో నోటుపుస్తకం తీసి చారలదాని పేజీలో రాశాను: నూట అరవై రెండు వరుసలు. పెనుకొండ.

ఆ తర్వాతి వారం అక్కకు ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వచ్చింది. నాయన ఆ పూటే ధర్మవరం వెళ్ళిపోయాడు. బిడ్డను తొట్టిలో వేసే రోజుకు దుప్పటి కావాలి. అదే నీలం మళ్ళీ దొరకదు. అందుకని అటక మీది కవర్ దించి, పాడైన దుప్పటిని విప్పి ఊలును ఉండగా చుట్టడం మొదలుపెట్టాను.

చుడుతూ చుడుతూ తొంభై ఏడో వరుస దగ్గరికి వచ్చాక పోగు నా వేళ్ళ మధ్య కాస్త దప్పంగా, మిగతాదానికంటే మందంగా తగిలింది. వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. రెండు కొసలను పక్కపక్కన పెట్టి, రెండు వేళ్ళ పొడవునా పురి పెట్టి కలిపిన అతుకు. నేను అతుకు ఎప్పుడూ అంచులోనే వేస్తాను, వేసిన ప్రతిసారీ రాస్తాను. తొంభై ఏడో వరుసలో, అదీ దుప్పటి నడుమ, అతుకు వేసినట్టు పుస్తకంలో లేదు. నీలం మీద సన్నగా తెల్లటి పొడి అంటుకుని ఉంది.

మా ఇంట్లో మగ్గం పక్కన కొబ్బరిచిప్పలో బూడిద ఉంటుంది. తెగిన పోగును అతికేటప్పుడు వేలికి బూడిద అద్దుకుంటారు, పట్టు జారకుండా. నా ఇంట్లో బూడిద లేదు. దేవుడి పటం కింద విబూది డబ్బా ఉంది. తీసి చూశాను. పొడి మీద వేలి గుంట స్పష్టంగా ఉంది. నేను విబూది పెట్టుకోను.

కవర్ అడుగున, ఆ రోజు నేనే ఏరి వేసిన ముక్కల్లో, జొన్నగింజంత ఊలు ఉండ ఒకటి కనబడింది. ఊలు తయారీలోనే పోగులో ఉండకట్టిన చోటు అది. దానికి రెండు వైపులా కత్తెరతో కోసిన కొసలు. పిల్లి కొరికితే కొస పీచుపీచుగా ఉంటుంది. ఎర్రదాని పుణ్యాన అది నాకు బాగా తెలుసు.

అప్పుడు జరిగింది మొత్తం ఒక రిపోర్టులాగా కళ్ళముందు నిలిచింది. కొత్త చూపుతో ఆయన దుప్పటి పట్టి చూశాడు. ఉండకట్టిన చోటు కనబడింది. మగ్గం మీద ఎన్నోసార్లు చేసినట్టే దాన్ని కత్తిరించి తీసి, పోగు అతకబోయాడు. మగ్గం మీద అయితే ఒక్క పోగు కోస్తే గుడ్డకు ఏమీ కాదు, చుట్టూ ఉన్న వేల పోగులు పట్టుకుంటాయి. ఇక్కడ ఉన్నది ఒకటే పోగు. ఆయన లాగిన కొద్దీ లూపులు విడిపోతూ పోయి ఉంటాయి. అతికేశాక కూడా కన్నం ఆగక, కంగారులో సూది జారి ఉంటుంది. ఖాళీ అయిన బుట్ట పక్కన, వెచ్చగా ఉన్న ఊలు మీద, చారలది రోజూ చేసేదే చేసింది.

ఆ మధ్యాహ్నం ఆయన ఇది చెప్పి ఉంటే నేను కడుపుబ్బా నవ్వి ఉండేవాణ్ణి. నేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

ఆదివారం ధర్మవరం వెళ్ళాను. నాయన మగ్గంలో కూర్చుని ఉన్నాడు. ఊలు ఉండ తీసి, అతుకు ఉన్న పోగును ఆయన చేతిలో పెట్టాను.

"ఇది ఏ పిల్లి అతికింది నాయనా?"

చెయ్యి ఆగింది. ఆయన పోగు వైపు చూడలేదు. చూపు చీర మీదే ఉంచి, బొటనవేలూ చూపుడువేలూ పోగు మీద నడిపించి, అతుకు దగ్గర ఆగి రెండుసార్లు లాగి చూశాడు.

"అతుకు గట్టిగానే ఉండాది" అన్నాడు.

"అదా నేనడిగేది?"

"మల్లేమి చెప్పమంటావు? ఇన్నేండ్లు పోగులు అతికినోడు, నీ ఒంటి పోగు కాడ చేతకాకపాయ అనా? నీ ముందరా?"

"నా ముందర చెప్పకపోతే ఇంకెవరి ముందర చెప్తావు? పిల్లి మీద ఎందుకు పెట్టినావు?"

"అదేమన్నా ఎదురు మాట్లాడుతుందా?"

"దాన్ని ఇడిసిపెట్టి వస్తి నాయనా. బుట్ట నా చేతిలో ఉంటే గేటు తీసి పట్టుకుంటివి నువ్వు. అప్పుడన్నా చెప్పుంటే?"

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఏంది ఆడ గలాటా? బిడ్డ ఇప్పుడే పండుకునింది!"

నాయన గొంతు తగ్గించాడు. "పోయి తెచ్చుకోపో అయితే. పిల్లే కదప్పా."

పోగును నా చేతిలో పెట్టేసి, పేకను అటూ ఇటూ నడిపే నాడె అందుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండలో దిగాను. ఖాళీ బుట్ట నాతోనే ఉంది. గేటు దగ్గర నన్ను, బుట్టను చూడగానే ఆమె ముఖం మారింది.

"మూడు దినాలు ఈడే కూసోనుండె, ఈ గేటు కాడ. నువ్వు పోయిన దావనే సూస్తా. చేప పెడితే కూడా ముట్టలేదు. నాలుగో దినం పొద్దున సూస్తే లేదు."

"నాకు ఫోన్ చేయలేదే మేడమ్?"

"చేద్దామనుకుంటి. మల్ల, వద్దని ఇచ్చిపోయినోడే కదా, ఏమనుకుంటాడో అనుకుంటి."

ఆమె తప్పేమీ లేదు. ప్రహరీ చుట్టూ చూశాను. వెనక సందులో, పాల డిపో దగ్గర, కొండకింది బండల్లో, రైల్వేస్టేషన్ ప్లాట్‌ఫారం చివరిదాకా చూశాను. ఒక చారల పిల్లి కనబడింది కూడా. మగది. మర్నాడు సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాను. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు వెళ్ళాను. ఏ పేరు పెట్టి పిలవాలో తెలియక సందుల్లో ఊరికే నాలుకతో చప్పుడు చేస్తూ తిరిగాను.

నోటుపుస్తకంలో చారలదాని పేజీలో నేను రాసిన చివరి వాక్యాన్ని కొట్టేశాను. పెనుకొండ అన్న మాట మాత్రం ఉంచాను. అది దాని తప్పు కాదు, నాది.

దుప్పటిని మొదటి నుంచి మళ్ళీ అల్లాను. నాయన వేసిన అతుకును నేను తీసేయలేదు. గట్టిగా ఉంది, తీసేయడానికి కారణం లేదు. ఈసారి అది నూట ఇరవయ్యో వరుసలో పడింది. తొట్టిలో వేసే రోజున ఆ అతుకు పై మడతలో కనబడేట్టు మడిచి అక్క చేతికిచ్చాను. నాయన పక్కనే కూర్చుని ఉన్నాడు. అక్క వేలు నేరుగా అక్కడికే వెళ్ళింది.

"ఈడేమి దప్పంగా ఉండాది రా?"

నేను నాయన వైపు చూశాను. చెప్పడానికి ఆయనకు కావలసినంత సమయం ఇచ్చాను.

"పిల్లి పని కాదులే అక్కా" అన్నాను చివరికి.

"పిల్లి ఏమిటికి వచ్చె నడుమ?" అని అక్క నవ్వింది.

నాయన చెయ్యి చాచి దుప్పటి తీసుకున్నాడు. ఒళ్ళో పరిచి, అంచులు సరిచేసి, మళ్ళీ మడిచాడు. అతుకు లోపలి మడతలోకి పోయింది.