ఒక్క కొమ్ము చూసి బస్తా కొనని దేవన్న

ఆర్మూర్‌లో దేవన్న తెలియని వాళ్లు కొందరైనా ఉంటారేమో గానీ, దేవన్న పట్టుకుని అభిప్రాయం అడగని వాళ్లు మాత్రం లేరు. అగ్గిపెట్టె కొనాలన్నా సరే, అది వాడిన పదిమందిని పట్టుకుని "ఎట్లున్నది?" అని అడగందే ఆయన చెయ్యి జేబులోకి పోదు.

పసుపు మార్కెట్లో సరుకు చూసే పని ఆయనది. రైతు బస్తా మూతి విప్పగానే మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి ఒక కొమ్ము, నడిమి నుంచి ఒకటి, మూల నుంచి ఇంకొకటి లాగుతాడు. ఫట్‌మని విరిచి, లోపలి రంగు చూసి, వాసన చూసి, అప్పుడు నోరు విప్పుతాడు. "ఒక్క కొమ్ము జూసి బస్తా కొనద్దు" అన్నది ఆయనకు వేదం. మార్కెట్లో అది మంచి బుద్ధే. చిక్కల్లా ఏమిటంటే, ఆ బుద్ధి సాయంత్రం ఆయనతో పాటు ఇంటికి కూడా వచ్చేస్తుంది.

ఒకసారి జ్వరమొచ్చి దవాఖానకు పోయాడు. డాక్టరు రాసిచ్చిన గోలీని అరచేతిలో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లను వరసగా అడిగాడు, "గీ గోలి మింగినవా? ఎట్లున్నది?" అని. ఒకాయన చేదన్నాడు. ఒకామె మస్తు నిద్ర పట్టిందంది. ఇంకొకాయన తనది పంటినొప్పి అన్నాడు. విచారణ ముగిసేసరికి జ్వరం విసుగుపుట్టి దానంతట అదే పోయింది. ఆ గోలీ ఇప్పటికీ వాళ్లింట్లో అద్దం వెనకాల ఉంది.

పెళ్లికి ముందు కూడా అంతే. పిల్ల గురించి పాలాయనతో మొదలుపెట్టి బడిపంతులు దాకా పదమూడు మందిని అడిగాడు. పద్నాలుగో మనిషిగా పిల్లనే అడిగాడు, "నీ మీద నీ అభిప్రాయమేంది?" అని. "నాకు ఆకలైతున్నది. నువ్వు జల్ది ఊ అంటె అందరం తింటం," అంది ఆ పిల్ల. ఊ అన్నాడు. ఆ పిల్లే శైలజ. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన అంత తొందరగా ఊ అన్నది ఆ ఒక్కసారేనని ఆమె వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

అలాంటి మనిషి చేతిలో పడింది పూజిత సైకిల్.

పూజిత దేవన్న చెల్లెలు రోజారాణి కూతురు. డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. క్లాసులో ఒకమ్మాయి సైకిల్ అడిగి తీసుకుని అక్కడి గుట్టల మీంచి దిగడం నేర్చుకుంది, ఇక అప్పటి నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. ముందు చక్రానికీ, వెనక చక్రానికీ కూడా షాకులుండే సైకిల్ కావాలి. రాయి మీద పడితే నడుము ముడుచుకుని మళ్లీ చాచుకునే సైకిల్ అన్నమాట. అలాంటిది ఒకటి ఆర్మూర్‌లోనే, జితేందర్ షాపులో, ఆరు నెలలుగా కొక్కేనికి వేలాడుతోంది. ఎవరో తెప్పించమన్నాడు, వచ్చాక మొహం చాటేశాడు. సరిగ్గా ఇప్పుడే జిల్లా సైకిల్ సంఘం వాళ్లు సిద్ధులగుట్ట వెనక బాట మీద దిగుడు పోటీ పెట్టారు. మార్చి చివరి ఆదివారం పోటీ. పేరివ్వడానికి ముందు రోజు శనివారం సాయంత్రం ఐదు ఆఖరు. చేతిలో పన్నెండు రోజులున్నాయి, సైకిల్ మాత్రం లేదు.

రోజారాణి బీడీలు చుడుతూ, తలెత్తకుండానే తీర్పు చెప్పింది. "మీ నాయిన దుబాయి నుంచి పైసలు పంపుతనన్నడు. గని మీ మామ జూసి సరే అనాలె. మామ వద్దంటె వద్దు."

"మామ జిందగీల దేనికన్న సరే అన్నడా అమ్మా?"

"ఎందుకన్లే? మీ అత్తను జేస్కున్నడు గద."

దేవన్న షాపుకొచ్చాడు. కొక్కెం మీంచి దించిన సైకిల్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. సీటు అదిమాడు. అది కిందికి పోయి పైకొచ్చింది. ఉలిక్కిపడి మళ్లీ అదిమాడు. టైరు వాసన చూశాడు. గొట్టాన్ని వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"ఇరగ్గొట్టి సూస్తవా ఏంది దేవన్నా?" అన్నాడు జితేందర్ హడలిపోయి.

"నడిపినోళ్లు ఎవలన్న ఉన్నరా?"

"ఆర్మూర్ల ఎవ్వలు నడుపలే."

"అయితె నడిపిద్దాం. ఏమన్నయితె నాది పూచి," అని దేవన్న సంచీలోంచి పాత డైరీ తీశాడు. ఆరు నెలల్లో ఆ సైకిల్ వైపు కన్నెత్తి చూసింది పిచ్చుకలు మాత్రమే. అందుకని జితేందర్ తల ఊపాడు. ఊపినందుకు తర్వాత తనను తాను చాలా తిట్టుకున్నాడు.

అక్కడ మొదలైంది ఊరేగింపు. రోజూ పొద్దున ఇద్దరో ముగ్గురో గుట్ట ఎక్కాలి, వెనక బాటన ఆ సైకిల్ మీద దిగాలి. కింద దేవన్న డైరీ పట్టుకుని నిలబడేవాడు, పక్కన పూజిత గోళ్లు కొరుక్కుంటూ.

మొదట దిగింది గంగాదాస్. ముప్పై ఏళ్లు సైకిల్ మీద ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మన్. దిగీ దిగగానే సైకిల్‌ను ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసి పెదవి విరిచాడు.

"క్యారియర్ లేదు. స్టాండ్ లేదు. మడ్‌గార్డ్ లేదు. ఆఖరికి బెల్ గుడ లేదు. ఇగ గిండ్ల సైకిలేమున్నది దేవన్నా?"

"మంచిది. యాడ కాలు కింద పెట్టినవ్?"

"మొదటి మలుపు కాడ. మేకలడ్డమొచ్చినయ్. బెల్లుంటె ఎందుకొస్తయ్?"

దేవన్న రాసుకున్నాడు.

తర్వాత లసుమవ్వ. ఊరూరా తిరిగి ఆకుకూరలమ్మే మనిషి. ఇరవై ఏళ్లుగా సైకిల్ మీదే తిరుగుతుంది. చీర కుచ్చిళ్లు దోపుకుని దిగొచ్చి, ముఖం వెలిగిపోతుంటే చెప్పింది. "ఏం సైకిల్ దేవన్నా! నా నడుంనొప్పి నడిమిట్లనే దిగిపోయింది. గిట్ల సుకం నా పెండ్లినాడు పల్లకిల గుడ లేకుండె. ఎనక గంప కడితె రేపే కొంట."

"మంచిది. యాడ కాలు కింద పెట్టినవ్?"

"రెండో మలుపుల. సన్నగులకరాళ్లు ఉన్నయ్, జర్రున జారింది."

పూజిత ఎగిరి గంతేసింది. "ఇన్నవ్ గద మామా! మంచిదన్నది!"

"ఆగు బిడ్డా. ఒక్క కొమ్ము జూసి..."

"బస్తా కొనద్దు. ఎర్కనే."

మూడో మనిషి దయాకర్. దుబాయి నుంచి వచ్చి రెండేళ్లయింది, మాట మాత్రం ఇంకా అక్కణ్నుంచి రాలేదు. "మా తాన షేకులు గిసొంటి సైకిళ్లు ఇసుకల నడుపుతరు," అని ఉపన్యాసమిస్తూ గుట్టెక్కాడు. దిగేటప్పుడు ఆయన ముందూ, సైకిల్ వెనకా వచ్చాయి. "బ్రేకు గాదది, బర్రెకు కొమ్ము! వేలు తాకిచ్చిన్నో లేదో మనిషిని లేవగొట్టి పారేసింది. గిది పిల్లకు కొనియ్యకు," అన్నాడు మోచెయ్యి ఊదుకుంటూ.

"మంచిది. యాడ పడ్డవ్?"

వారం తిరిగేసరికి డైరీలో పదిహేడు పేర్లు చేరాయి. ఎత్తు ఎక్కువన్నది ఒకరు, తక్కువన్నది ఇంకొకరు. టైర్లు మరీ లావన్నారు, ఇంకాస్త లావుండాలన్నారు. షాకులు మెత్తగా ఉన్నాయన్న మనిషి తమ్ముడే అవి రాళ్లలా ఉన్నాయన్నాడు. పూజిత ఫోన్ తీసి చూస్తే అక్కడా అదే గోల. ఎక్కడెక్కడి రైడర్లో అదే సైకిల్ గురించి, దిగేటప్పుడు పక్షిలా ఉంటుందని ఒకడూ, దున్నపోతులా ఉంటుందని ఒకడూ రాశారు. ఆమెకు తను కోరుకున్నది మంచి సైకిలో చెడ్డ సైకిలో, అసలది సైకిలో కాదో కూడా తెలియకుండా పోయింది. అన్నిటికంటే అర్థంకానిది మామ. అడిగేది అభిప్రాయం, చెవి పెట్టి వినేది పడ్డ చోటు.

"నన్నడుగవేంది మామా? నడిపేది నేను గద!"

"నీకు దాని మీద పానమున్నది. పానమున్నోళ్ల మాట సాక్ష్యానికి పనికి రాదు."

"అయితె నేను గుడ ఒక్కపారి గుట్ట దిగి వస్త."

"నువ్వద్దు. రోడ్డు మీద తిప్పుకో."

"ఊరంత దిగొచ్చు, నేను దిగొద్దా?"

దేవన్న డైరీలో తల దూర్చాడు. పూజితకు ఒళ్లు మండింది. మామకు కొనిచ్చే ఉద్దేశం లేదు, ముఖం మీద వద్దనలేక ఊరందరి చేత అనిపిస్తున్నాడు అని ఆ రోజే అనుకుంది. అనుకోకూడదనుకుని మళ్లీ అనుకుంది.

శనివారం వచ్చింది. మధ్యాహ్నం రెండు దాటింది. డైరీలో ఇరవై మూడు పేర్లు.

"మామా, కొననంటె కొననని చెప్పు! నేను ఏడ్సి ఊకుంట. గని గిట్ల సతాయించకు!"

దేవన్న కంగారుపడ్డాడు. "జర ఆగు బిడ్డా. ఇంకొక్కలు మిగిలిండ్రు."

"ఎవలు? ఆర్మూర్ల ఎవలు మిగిలిండ్రు?"

దేవన్న అప్పటికే వాకిలి దాటాడు. పూజిత మామ ఇంట్లోనే తలుపేసుకుని ఏడ్చింది, శైలజ అత్త తలుపు బయట చాయ్ పట్టుకుని నిలబడింది.

నాలుగున్నరకు వాకిట్లో సైకిల్ చప్పుడైంది. చూస్తే దేవన్న. లుంగీ ఒక పక్క చిరిగి ఉంది. మోకాలు దోక్కుపోయింది. జుట్టులో తుమ్మముల్లు. ముప్పై ఏళ్లుగా సైకిలెక్కని మనిషి, మార్కెట్‌కు కూడా మోపెడ్ మీద పోయే మనిషి, సిద్ధులగుట్ట దిగి వచ్చాడు.

"నీ దిమాక్ ఖరాబైందా?" అని అరిచింది శైలజ.

"నాదొక్కటే మిగిలిండె," అన్నాడు దేవన్న. గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుని, పూజిత వైపు చూసి, "ఊ," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. అలవాటు లేని మాట కదా.

"ఊ అంటున్న గద! ఐదయితున్నది, పోయి పేరియ్యి!"

ఆదివారం పొద్దున పద్నాలుగు మంది పైన వరసలో నిలబడ్డారు. వాళ్లలో పూజిత ఒకతి. సైకిల్ కొత్తది, బాట కొత్తది, ఇరవై నాలుగు రకాల అభిప్రాయాలు చెవుల్లో గింగిర్లు తిరుగుతున్నాయి. విజిల్ మోగింది.

మొదటి మలుపు దగ్గరికొచ్చేసరికి ట్రింగ్ ట్రింగ్‌మని బెల్. గంగాదాస్! తన పాత సైకిల్ బెల్ ఊడదీసుకొచ్చి, చేత్తో పట్టుకుని, మేకల మందకు అడ్డంగా నిలబడి వాయిస్తున్నాడు. "పో బిడ్డా పో! ఒక్క మేకను రానియ్య!"

రెండో మలుపులో సన్నగులక లేదు. లసుమవ్వ చీపురుతో బాట ఊడ్చి, ఇంకా ఊడుస్తూనే ఉంది.

మూడో మలుపులో, తను పడ్డ చోటే, దయాకర్ బండ మీదెక్కి రెండు చేతులూ ఊపుతున్నాడు. "ఎనక బ్రేకు! ఎనక బ్రేకే వట్టు! ముందలిది ముట్టకు!"

పూజితకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ రెంటి మధ్యలో నాలుగో మలుపొచ్చింది. అన్నిటికంటే ఏటవాలు, పక్కనే నిలువెత్తు రాతిబండ. చక్రం జారింది. సైకిల్ నేరుగా బండ మీదికి పోయింది, పూజిత కళ్లు మూసుకుంది. మెత్తగా తగిలింది! బండకు ఆనించి వరసగా పది గోనెబస్తాలు పెట్టి ఉన్నాయి, నిండా మొక్కజొన్న చొప్ప కుక్కి. మూడేళ్లు పసుపు మోసిన బస్తాలవి. దెబ్బకు పచ్చటి దుమ్ము మబ్బులా లేచింది. పూజిత లేచి, దులుపుకోకుండానే ఎక్కి తొక్కింది.

తొమ్మిదో స్థానంలో గీత దాటింది. కానీ కింద ఉన్న జనం మొదటొచ్చినవాణ్ని వదిలేసి ఆమెనే చూశారు. తల నుంచి బూటుదాకా పచ్చగా, నలుగు పెట్టి పీట మీంచి లేపుకొచ్చిన పెండ్లిపిల్లలా ఉంది. రోజారాణి పరుగెత్తుకొచ్చి కాళ్లూ చేతులూ తడిమి, అన్నీ ఉన్నాయని తేలాక వీపు మీద ఒకటి వేసింది.

దేవన్న కుంటుకుంటూ వచ్చాడు, చేతిలో డైరీ. పూజిత దాన్ని లాక్కుని చదివింది. పేరు, పక్కన అభిప్రాయం, ఆ పక్కన పడ్డ చోటు. ఇరవై నాలుగు మంది చెప్పిన అభిప్రాయాల్లో ఏ రెండూ కలవవు. పడ్డ చోట్లు మాత్రం మొత్తం కలిపి నాలుగే. చిట్టచివర, "దేవన్న. అభిప్రాయం: భయం. నాలుగో మలుపు, బండ."

"గిందుకా మామా నన్ను గుట్ట ఎక్కనియ్యలే?"

"సైకిల్ మంచిదని మొదటి రోజే ఎర్కాయె. గుట్ట సంగతి తెల్వాలె గద," అన్నాడు దేవన్న నేల చూస్తూ. "కమిటీ వాళ్ల అభిప్రాయం గుడ అడిగిన. బస్తాలు పెట్టుకో, ఊడ్సుకో, అందరికీ మంచిదే అన్నరు."

"మొదటి రోజే ఎర్కయితె నాకు చెప్పద్దా? పన్నెండు రోజులు పానం తీసినవ్!"

"చెప్తె నువ్వు ఆగుతవా?"

ఆగేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. దేవన్న డైరీ తిరిగి తీసుకుని, ఇరవై ఐదో వరసలో పూజిత అని రాసి, పెన్సిల్ ఎత్తి పట్టుకున్నాడు.

"ఇగ చెప్పు బిడ్డా. నీ అభిప్రాయమేంది?"

"సైకిల్ మీదనా, నీ మీదనా?"

దేవన్న పెన్సిల్ దించాడు. ఊరందరినీ అన్నిటి మీదా అడిగాడు గానీ, తన మీద అభిప్రాయం మాత్రం ఎవరినీ అడగలేదు.

"సైకిల్ మంచిగున్నది," అంది పూజిత, పచ్చటి చేత్తో కళ్లు తుడుచుకుని ఇంకా పచ్చబడుతూ. "నీ మీద గుడ రాస్కో మామా. ఒక్క కొమ్మే జూసిన. బస్తా కొన్న."

"తొందరపడకు పూజితా," అంది వెనకనుంచి శైలజ. "ఇరవై ఆరేండ్ల సంది వాడుతున్న. ముందుగాల నన్నొక మాట అడుగు."

దేవన్న అప్పటికే పేజీ తిప్పి, పైన శైలజ అని రాసుకుంటున్నాడు.